అవతల వింటారు

ఖాజాగూడ,
3 మార్చి 2025.

అన్నయ్యకు ఎస్తేరు వందనాలు.

నువ్వు పంపిన పార్శిల్ అందింది. అందింది అంటే, వచ్చి నాలుగు రోజులు గేటు దగ్గర సెక్యూరిటీ గదిలో పడి ఉంది. ఎవరో మహానుభావుడు దాని మీద టీ గ్లాసు కూడా పెట్టుకున్నాడు, అట్ట మీద గుండ్రటి మరక పడింది. మూడు లుంగీ ముక్కల్లో చుట్టి, పైన అన్ని ముడులు వేశావేంటి అన్నయ్యా, లోపల ఏనుగు గానీ ఉందనుకున్నావా? ముప్ఫై ఏళ్లుగా కట్లు కట్టి విప్పుతున్న నర్సుని, నాకే పావుగంట పట్టింది.

లోపల నీ ఎర్ర ఫోను. సలోమి అక్క చూడగానే, "ఇది దానేలు బల్ల మీదిది కదే!" అని ఒళ్లో పెట్టుకుంది. రిసీవరు తీగ మెలికలు ఒక్కొక్కటీ వేలితో సరిచేస్తూ మధ్యాహ్నమంతా అలాగే కూర్చుంది.

ఇంత పెద్ద ఊళ్లో సెల్‌ఫోను ఎందుకు పనిచేయదని అడిగావు. మా అపార్ట్‌మెంటు వెనక అంతా బండరాళ్లు, మాది గ్రౌండ్ ఫ్లోరు. హాల్లో నిలబడితే సిగ్నల్ ఒక్క గీత, పడకగదిలో అదీ లేదు. చుట్టూ ఉన్న అద్దాల మేడల్లో కూర్చుని అమెరికా వాళ్లతో మాట్లాడతారు, నేను మాత్రం కూరలవాడితో మాట్లాడాలంటే డాబా ఎక్కాలి. పైగా అక్కకి ఆ టచ్‌ఫోను అబ్బలేదు. ఒకచోట వేలు పెడితే ఇంకోటి తెరుచుకుంటుందని దాని మీద కోపం.

నా భయం నీకు తెలుసు. జనవరిలో ఒంగోలు నుంచి తెచ్చుకున్నప్పటి నుంచి అక్క రెండుసార్లు తూలింది. డెబ్భై ఆరేళ్లు, తుంటిలో బలం లేదు, బీపీ ఒకటి. ఎడమ చెవి కూడా మందగించింది. నా డ్యూటీ రెండు నుంచి ఎనిమిది. పనిమనిషి మల్లమ్మ సాయంత్రం ఒకసారి వచ్చి చూసి పోతుంది. మిగతా వేళంతా అక్క ఒక్కతే. అమ్మ పోయాక పెళ్లి కూడా మానుకుని మనిద్దర్నీ పెంచిన మనిషి. ఆవిడ నేల మీద పడి పిలుస్తుంటే నేను గచ్చిబౌలిలో ఎవరికో సెలైన్ పెడుతూ ఉంటానేమో అనిపిస్తే అన్నం గొంతు దిగదు.

లైను కోసం దరఖాస్తు పెట్టాను. ఫోను ఎక్కడ పెట్టాలో, ఎలా పెట్టాలో రాయి. నీ దస్తూరీలోనే అన్నీ కావాలి, వేరే ఎవరి మాటా నేను నమ్మను.

నీ చెల్లెలు,
ఎస్తేరు.

---

చీరాల,
8 మార్చి 2025.

ఎస్తేరుకు అన్న దీవెనలు. అక్కకు నమస్కారాలు.

ముడుల గురించి మాట్లాడకు. ముప్ఫై ఆరేళ్లు టెలిఫోన్ శాఖలో లైన్‌మన్‌గా చేసినవాడి ముడులవి, అలాగే ఉంటాయి. నా బల్ల మీద ఇప్పుడు అటక మీది పాత ఫోను పెట్టుకున్నాను.

శ్రద్ధగా చదువు. ఫోను అక్క మంచం పక్కన పెట్టు, కుడివైపు, వినపడే చెవి అదే కదా. స్టూలు ఎత్తు మంచం కన్నా తక్కువ ఉండాలి. పడితే నేల మీద నుంచి చెయ్యి చాచినా అందాలి. తీగ నడిచే దారిలో వెయ్యవద్దు, గోడ వెంట మేకులు కొట్టించు. తివాచీ కింద నుంచి అసలే వద్దు, తొక్కి తొక్కి లోపల తెగుతుంది. బాత్రూము గోడకి ఆనించవద్దు. తడిచేత్తో ముట్టుకోవద్దని అక్కకి చెప్పు. నీ వార్డు నంబరు పెద్ద అంకెల్లో రాసి గోడకి అంటించు. వంటింట్లో గ్యాసు వాసన వస్తే ముందు బయటికి రమ్మను, ఆ గదిలో నిలబడి ఫోను ఎత్తవద్దు.

అన్నిటికంటే ముఖ్యం ఉరుము. ఉరిమితే రిసీవరు ముట్టకూడదు. నా సంగతి నీకు కొత్తగా చెప్పాలా? తొంభై ఎనిమిదిలో స్తంభం మీద కూర్చుని, పరీక్ష చేసే ఫోను చెవికి పెట్టుకుని ఉన్నాను. నా మీద చినుకు కూడా పడలేదు. ఎక్కడో రెండు మైళ్ల అవతల తీగ మీద పిడుగు పడింది. అంతే, ఆ రోజు నుంచి రెండు చెవులూ పోయాయి.

ఆ తర్వాత మూడు నెలలు నేను నోరు విప్పలేదు. అక్క వచ్చి పలక మీద రాసింది: "నీకు వినపడకపోతే ఏంరా? నువ్వు చెప్పు. అవతల వింటారు." ఆ మాట మీదే కదా బతికాను. అప్పటి నుంచి ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి అక్కకి ఫోను చేస్తూ వచ్చాను. నంబరు నొక్కుతాను, ఆవిడ లేచి వచ్చి ఎత్తడానికని ఇరవై లెక్కపెడతాను, నా కబుర్లు చెప్పి పెట్టేస్తాను. ఎత్తిందా లేదా అని నాకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఇరవై ఏడేళ్లలో అక్క ఒక్క ఆదివారం తప్పలేదు. మీ ఇంటికి వచ్చాకే అది ఆగిపోయింది. తొందరగా లైను వేయించు.

నువ్వు చెప్పే ఆ సెల్‌ఫోను మెసేజీలు నాకొద్దు. కాగితమే మేలు.

మీ
దానియేలు.

---

ఖాజాగూడ,
17 మార్చి 2025.

అన్నయ్యకు,

నిన్న నీ గొంతు మా ఇంట్లో వినపడింది! అక్క మూడింటికే జడ వేయించుకుని ఫోను పక్కన కూర్చుంది, పెళ్లిచూపులకి కూర్చున్నట్టు. మోగగానే ఎత్తి, నువ్వు ఇరవై లెక్కపెట్టేదాకా శ్వాస బిగపట్టి ఉంది. నువ్వు "అక్కా, నేను దానియేలుని" అని ఊరందరికీ వినపడేలా అరిచావు. అక్క ప్రతి మాటకీ జవాబు చెప్పింది: "అవునురా", "మందులు వేసుకుంటున్నాన్రా", "ఆ చొక్కా ఇంకా వేస్తున్నావా, పారెయ్". వాడికి వినపడదు కదక్కా, ఎవరికి చెబుతున్నావు అని నేనంటే, "వాడు వినకపోయినా నేను చెప్పాలి కదే" అంది.

లైను వేయడానికి ఎల్లయ్య అని యాభై ఏళ్ల మనిషి వచ్చాడు. నీ ఉత్తరం చేతిలో పట్టుకుని నేను వెనకాలే నిలబడ్డాను, పాపం ఆయన చెమటలు తుడుచుకుంటూ అన్నీ నువ్వు రాసినట్టే చేశాడు. ఒక్కటి మాత్రం వేరు. ఫోను తీగ గోడలోకి పోలేదు. గుమ్మం పక్కన ఒక తెల్ల డబ్బా బిగించి అందులో గుచ్చాడు. ఆ డబ్బాకే ఒక స్విచ్ ఉంది, పచ్చ దీపం వెలుగుతూ ఉంటుంది. కింద చిన్న బాటరీ కూడా పెట్టాడు.

"అమ్మా, గీ డబ్బా మాత్రం బంద్ చెయ్యొద్దు, జర యాదుంచుకో. కరెంట్ పోయినా బాటరీ మీద రెండు గంటలు నడుస్తది, ఫికర్ లేదు" అన్నాడు. నువ్వేమో ఎప్పుడూ ఉరుములప్పుడు కరెంటు సామాన్లన్నీ ఆపెయ్యమంటావు. మరి ఈ డబ్బా సంగతేమిటి? ఆపాలా వద్దా?

మొన్న రాత్రి అక్క నిద్రలో మూలిగితే లేచి చూశాను. ఆ పచ్చ దీపం గుమ్మం పక్కన వెలుగుతోంది. ఎందుకో నాకది నచ్చలేదు.

ఎస్తేరు.

---

చీరాల,
22 మార్చి 2025.

ఎస్తేరుకు,

ఆ ఎల్లయ్య ఎవరో గాని నా దగ్గర ఆర్నెల్లు పనిచేసి ఉంటే బాగుపడేవాడు. ఫోనుకి ఇంట్లో కరెంటుతో పనేమిటి? ఫోనుకి కావలసిన కరెంటు ఎక్స్ఛేంజి నుంచి ఆ తీగలోనే వస్తుంది. తుపానులో ఊరంతా చీకటైపోయినా మా ఫోన్లు మోగాయి, తెలుసా? కరెంటు పోయినా ఫోను పోదు. ఇది ఎవరు అడిగినా చెప్పు, చీరాల దానియేలు చెప్పాడని చెప్పు.

ఆ తెల్ల డబ్బా నీ కంప్యూటరుకీ టీవీకీ అయి ఉంటుంది. తీగ దాని గుండా పోనిచ్చాడు, అంతే. ఉరిమితే నిక్షేపంగా ఆపెయ్యి. పిడుగు కరెంటు తీగలోంచి ఆ డబ్బాలోకి, డబ్బాలోంచి ఫోనులోకి, ఫోనులోంచి అక్క చెవిలోకి వస్తుంది. నా గతి ఆవిడకి పట్టకూడదు.

అక్క కోసం ఇంకో కాగితం పెద్ద అక్షరాలతో రాసి ఇందులో పెట్టాను. గోడకి అంటించు. అందులో ఇలా ఉంది:

"అక్కా, ఉరిమితే ముందు తెల్ల డబ్బా స్విచ్ ఆపు. ఉరుము ఆగేదాకా ఫోను ముట్టకు. ప్రాణం మీదికి వస్తే మాత్రం ముట్టుకో, భయపడకు. ఫోను చచ్చిపోదు. వినపడకపోతే అది మన చెవి తప్పు, ఫోను తప్పు కాదు. చెప్పేది చెప్పెయ్. అవతల వింటారు."

చివరి మాట ఆవిడదే. ఇన్నేళ్లకి తిరిగి ఆవిడకి అప్పజెప్పాను.

దానియేలు.

---

ఖాజాగూడ,
7 ఏప్రిల్ 2025.

అన్నయ్యకు,

నువ్వే గెలిచావు. శుక్రవారం కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, లిఫ్టు ఆగింది, పైవాళ్ల కుక్క ఒకటే ఏడుపు. నేను పరుగెత్తి రిసీవరు ఎత్తాను. గుయ్యిమని శబ్దం వస్తోంది! అక్క వైపు చూసి, "చూశావా, అన్నయ్య మాట" అన్నాను. ఎల్లయ్య మళ్లీ కనపడితే చెబుతాను.

కాగితం అంటించాను. అక్క దాన్ని దినం దినం బైబిలు వాక్యం చదివినట్టు చదువుతుంది. ఇప్పుడు వేరే గొడవ వచ్చింది, నవ్వకుండా విను. మా వెనక కొత్త టవర్లకి బండలు పేలుస్తున్నారు. మధ్యాహ్నం పూట పేలిస్తే గిన్నెలు కదులుతాయి. అక్కకి శబ్దం తక్కువ, అదురు ఎక్కువ తెలుస్తుంది కదా, ఉరుమే అనుకుంటుంది. ఎండ మండిపోతుంటే లేచి, గోడ పట్టుకుని, గుమ్మం దాకా నడిచి డబ్బా ఆపేస్తుంది! "మబ్బే లేదు కదక్కా" అంటే "దానేలు మీద పిడుగు పడ్డప్పుడు మాత్రం మబ్బు ఉందా?" అంటుంది.

నాకు నచ్చనిది ఆ నడక. మంచం నుంచి గుమ్మం దాకా పదకొండు అడుగులు, మధ్యలో పట్టుకోవడానికి ఏమీ లేదు.

ఇంకోటి. రెండు రోజులు వార్డు నుంచి ఇంటికి ఫోను చేస్తే రింగే పోలేదు. ఇంటికి వచ్చి చూస్తే డబ్బా ఆపి ఉంది. ఒక మాట సూటిగా అడుగుతాను: డబ్బా ఆపితే ఫోను కూడా పోతుందా? ఒకసారి ఆపి చూద్దామనుకున్నాను. రాగానే వంట, అక్కకి స్నానం, పడుకోవడం, అలా మరిచిపోతున్నాను.

ఎస్తేరు.

---

చీరాల,
12 ఏప్రిల్ 2025.

ఎస్తేరుకు,

పోదు, పోదు, పోదు. మూడుసార్లు రాశాను, చాలా? కరెంటు పోయినప్పుడు నువ్వే ఎత్తి చూశావు, పనిచేసింది. డబ్బా ఆపినా అంతే కదా, కరెంటు లేకపోవడమే కదా. రింగు పోలేదంటే బయట ఎక్కడో జాయింటులో తడి ఉంటుంది. నా ఉద్యోగంలో సగం ఆ జాయింట్లు విప్పి ఆరబెట్టడమే. దానంతట అదే ఆరుతుంది. రింగు పోనప్పుడల్లా కంగారుపడకు, జాయింటు తడిసిందనుకో.

అక్క డబ్బా ఆపడం నాకు సంతోషంగా ఉంది. ఉత్త పేలుడికి ఆపినా నష్టం లేదు. నిజం ఉరుముకి ఆపకపోతేనే నష్టం. ఆవిడని ఆపవద్దు, అలవాటు పడనీ. నడక భయం అయితే మధ్యలో ఒక కుర్చీ వెయ్యి.

దానియేలు.

---

ఖాజాగూడ,
21 ఏప్రిల్ 2025.

అన్నయ్యకు, పునరుత్థాన పండుగ శుభాలు.

నిన్న అక్కని గుడికి తీసుకెళ్లాను. కుర్చీలో కూర్చుని పాటలన్నీ పాడింది, సగం తాళం తప్పి. అందరూ వచ్చి చెయ్యి పట్టుకున్నారు. నాలుగింటికి నీ ఫోను అందుకోవాలని భోజనం సగంలో లేపి తీసుకొచ్చింది, నా బిర్యానీ అక్కడే ఉండిపోయింది.

ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. అక్కకి మతిమరుపు మొదలైందేమో అన్నయ్యా. గురువారం ఇంటికి వస్తే, "బీపీ మాత్రలు తెచ్చావా?" అంది. ఏం మాత్రలక్కా అన్నాను. "మధ్యాహ్నం నీకు ఫోను చేసి చెప్పాను కదే, అయిపోయాయని! అంతా విన్నావు కదా!" అంది. నాకు ఏ ఫోనూ రాలేదు. వార్డులో అందరినీ అడిగాను, ఎవరూ ఎత్తలేదు. నాకు రాలేదంటే ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను చెప్పాను. నువ్వు విన్నావు" అని అదే మాట. అంతకు ముందు వారం కూడా ఇలాగే, అన్నం వండవద్దని నాకు చెప్పానంది.

నిజంగా మాట్లాడానని నమ్ముతోంది. అబద్ధం చెప్పే మనిషి కాదని నీకూ తెలుసు. మా డాక్టరమ్మని అడిగితే వయసు వల్ల కొందరిలో ఇలా మొదలవుతుంది అంది. నాకు చాలా భయంగా ఉంది. నన్ను చూసి నువ్వెవరని అడిగే రోజు వస్తుందా?

అక్క నీకు రాసిన చీటీ కూడా ఇందులో పెడుతున్నాను.

ఎస్తేరు.

[చీటీ]
ఒరే దానేలూ, ఎస్తేరు నన్ను పిచ్చిదాన్ని చేస్తోంది. నేను ఫోను చేసిన మాట నిజం. చెవిలో ఏమీ వినపడలేదు, నువ్వు రాసినట్టే నా చెవి తప్పనుకుని చెప్పేది చెప్పాను. నువ్వయినా నమ్ము. — సలోమి

---

చీరాల,
26 ఏప్రిల్ 2025, శనివారం.

ఎస్తేరూ,

డబ్బా ఆపవద్దు! ఈ ఉత్తరంలో ఇంకేమీ చదవకపోయినా ఇది చదువు. డబ్బా ఆపవద్దు. ఆ కాగితం ఇప్పుడే చింపెయ్.

పొద్దున స్వామి వచ్చాడు, నా దగ్గర పని నేర్చుకున్నవాడు, ఇప్పుడు గుంటూరులో ఉన్నాడు. కాఫీ తాగుతూ మాటల్లో పలక మీద రాశాడు: ఇప్పుడు రాగి తీగలు ఎక్కడ ఉన్నాయి సార్, అంతా గాజు తీగ, వెలుతురు మీద నడుస్తుంది, ఇంట్లో డబ్బాకి కరెంటు లేకపోతే ఫోను ఉత్త బొమ్మ అని. నేను నవ్వేశాను. అతను రైలుకి వెళ్లిపోయాడు. సాయంత్రం మీ ఉత్తరం వచ్చింది, అక్క చీటీ చదివాను.

అక్కకి మతి పోలేదు. ఆవిడ నిజంగానే నీకు ఫోను చేసింది. పేలుడికి డబ్బా ఆపి, చచ్చిన ఫోనులో నీతో మాట్లాడింది. వినపడకపోతే చెవి తప్పని నేనే రాశాను కదా. కరెంటు పోయినప్పుడు పనిచేసింది ఆ బాటరీ వల్ల. డబ్బానే ఆపేస్తే బాటరీ ఉన్నా లాభం లేదు. ఎల్లయ్య చెప్పింది అక్షరాలా నిజం. ఆయనకి నా క్షమాపణ చెప్పు. అక్కకి ముందు చెప్పు, ఆవిడ పిచ్చిది కాదని చెప్పు.

ఈ ఉత్తరం బుధవారం గాని చేరదు. పక్కింటివాళ్ల తలుపు తట్టి నీ సెల్‌కి ఫోను చేయించనా అనుకున్నాను. నా తప్పు వాళ్లకి వివరించి చెప్పాలంటే సిగ్గేసింది. ఒక్క రాత్రే కదా. ఇప్పుడు నేనే చేస్తే ఎవరైనా ఎత్తారో లేదో నాకు తెలియదు. రేపు ఆదివారం. నాలుగింటికి అక్కకి నేనే చెబుతాను. ఆవిడ వింటుంది.

దానియేలు.

---

ఖాజాగూడ,
9 మే 2025.

అన్నయ్యకు,

నువ్వు వచ్చావు, మట్టి వేశావు, వెళ్లిపోయావు. సమాధుల తోటలో అంతమంది మధ్య పలక మీద రాసి చెప్పేది కాదు ఇది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. రాయకుండా ఉండాలని పది రోజులు ప్రయత్నించాను, నావల్ల కాలేదు.

ఆ ఆదివారం నాకు సెలవు దొరకలేదు, వార్డులో ఉన్నాను. మూడున్నర దాటాక ఆకాశం నల్లబడింది. ఈసారి బండల పేలుడు కాదు, నిజంగానే ఉరిమింది. వార్డు కిటికీలు మూయిస్తూ, అక్క ఈపాటికి లేచి ఉంటుంది అనుకున్నాను. నాలుగుంబావుకి ఫోను చేశాను, రింగు పోలేదు. జాయింటు తడిసిందనుకున్నాను. నువ్వు రాసినట్టే కంగారుపడలేదు. వెళ్లి రోగుల మందులు చూసుకున్నాను.

ఎనిమిదిన్నరకి తలుపు తీశాను. డబ్బా ఆపి ఉంది, పచ్చ దీపం లేదు. మధ్యలో నేను వేసిన కుర్చీ పక్కకి పడి ఉంది. అక్క మంచానికీ గోడకీ మధ్య నేల మీద ఉంది. తల వెనక దెబ్బ. తీగ పట్టుకుని ఫోనుని కిందికి లాక్కుంది, నేల మీద నుంచి అందాలని నువ్వు అన్నావే, అందింది. రిసీవరు కుడిచెవికి ఆనించుకునే ఉంది. ఊపిరి ఉంది.

మల్లమ్మ వచ్చిందట. నాలుగు దాటి కాసేపటికి, వానలో తడుస్తూ. నా చేతులు పట్టుకుని ఏడ్చింది. "తలుపు కాడికి వచ్చిన అక్కా. అమ్మ లోపల ఫోన్ల మాట్లాడుతుండె. వానల ఏం సమజ్ కాలే, దానేలూ దానేలూ అని మాత్రం ఇనొచ్చింది. గట్టిగ ఒర్లుతుండె. గాయనకి చెవులు ఇనరావు గద, గందుకే గట్టిగ మాట్లాడుతున్నది అనుకున్న. ఇగ మధ్యల నేనెందుకని పోయిన." దాన్ని తిట్టలేదు. నేనున్నా అలాగే అనుకునేదాన్ని.

నాలుగు గంటలైంది కాబట్టి అక్క నువ్వే లైనులో ఉన్నావనుకుంది అన్నయ్యా. పడ్డాననీ, నాకు చెప్పమనీ నీకు చెప్పింది. చెప్పాక ఇంక అరవలేదు, పక్క ఫ్లాటు గోడ తట్టలేదు. ఎవరో ఒకరు వస్తారని ఎదురుచూసింది. గంటలోపు తెచ్చి ఉంటే తలలో రక్తం తీసి బతికించేవాళ్లమని సర్జన్ అన్నాడు. నాలుగున్నర గంటలు ఎదురుచూసింది.

సోమవారం సాయంత్రం ఒక్కసారి కళ్లు తెరిచింది. నన్ను గుర్తుపట్టింది. "దానేలుకి చెప్పాను. మొత్తం విన్నాడు. నీకు చెప్పాడా?" అంది. "చెప్పాడక్కా. వెంటనే చెప్పాడు. అందుకే వచ్చాను" అన్నాను. "నాకు మతి పోలేదు కదే?" అంది. లేదక్కా అన్నాను. మంగళవారం తెల్లారేసరికి వెళ్లిపోయింది.

నీ ఉత్తరం బుధవారమే వచ్చింది, నువ్వు రాసినట్టే. సమాధి అయి, నిన్ను రైలెక్కించి వచ్చాక సెక్యూరిటీ అతను ఇచ్చాడు. సమాధి దగ్గర నువ్వు అందరికీ వినపడేలా అన్నావు, "ఆదివారం నా మాట విన్నది, డబ్బా ఆపవద్దని చెప్పాను, విన్నది" అని. ఏం డబ్బా అని వాళ్లు నావైపు చూశారు, నేను తల వంచుకున్నాను. అప్పుడు నాకు నీ మాట అర్థం కాలేదు. ఉత్తరం చదివాక అర్థమైంది. ఆ నాలుగింటికి నువ్వు అక్కడ ఆవిడకి చెబుతున్నావు, ఆవిడ ఇక్కడ నీకు చెబుతోంది. మధ్యలో ఏమీ లేదు.

నీ మీద కోపం ఉంది. దాచను. ముప్ఫై ఆరేళ్ల అనుభవమని నీ మాటకి ఎదురు చెప్పలేదు. అంతకంటే నా మీద ఎక్కువ ఉంది. ఒక్కసారి ఆ స్విచ్ ఆపి రిసీవరు ఎత్తి చూస్తే తెలిసేది. అర నిమిషం పని. వంట ఉంది, స్నానం ఉంది అనుకున్నాను.

ఫోను తీయించెయ్యనా? ఎల్లయ్యని పిలవాలి. నువ్వు చెప్పు.

ఎస్తేరు.

---

చీరాల,
14 మే 2025.

ఎస్తేరుకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చెప్పినందుకు నీకు దణ్ణం. చెప్పకపోతే నేను చచ్చేదాకా ఆ ఆదివారం అక్క విన్నదనే చెప్పుకుంటూ తిరిగేవాణ్ణి.

అర నిమిషం అన్నావు. పక్కింటి తలుపు నా గుమ్మానికి పది అడుగులు. శనివారం రాత్రి రెండుసార్లు లేచి గడప దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. అంతా తెలిసినవాణ్ణని ఈ వీధిలో నాకు పేరు. ఆ పేరు కోసం వెనక్కి వచ్చాను. నీది మరుపు, నాది అది. రెండూ ఒకటి కావు. నీ తప్పు లేదని నేను రాస్తే నువ్వు నమ్మవు, అయినా రాస్తున్నాను.

ఆ రోజు ఏం మాట్లాడానో నీకు చెప్పాలి. ఇరవై లెక్కపెట్టాను. డబ్బా ఆపకక్కా అన్నాను. నా తప్పయింది, నీకు మతి పోలేదు, నువ్వు చెప్పిందే నిజం అన్నాను. ఇంకా ఊరి కబుర్లు చెప్పాను, ఎండల సంగతి, స్వామి వచ్చిన సంగతి. నవ్వాను కూడా. అదే వేళకి ఆవిడ అక్కడ నా పేరు పెట్టి పిలుస్తోంది. లైను బాగున్నా నేను వినేవాణ్ణి కాదు. ఆవిడకి అది తెలుసు, అయినా నాకే చెప్పింది.

అవతల వింటారు అని ఇరవై ఏడేళ్లు ఆ ఒక్క మాట పట్టుకుని బతికాను. ఒక్క రోజయినా నేను విన్నానా? చెవులు లేవని వినడమే మానేశాను. ఎల్లయ్య చెప్పింది వినలేదు. నువ్వు సూటిగా అడిగావు, అదీ వినలేదు. అక్క చీటీ రాస్తే గాని నాకు తెలియలేదు.

ఫోను తీయించవద్దు. స్టూలు మీద ఎలా ఉందో అలాగే ఉండనీ. డబ్బా స్విచ్ వేసి ఉంచు, పచ్చ దీపం వెలుగుతుందో లేదో రోజూ చూడు. వచ్చే ఆదివారం నాలుగింటికి ఫోను చేస్తాను. నువ్వు ఎత్తి, ఏమీ మాట్లాడకుండా అక్క దిండు మీద పెట్టు.

నేనూ ఏమీ మాట్లాడను. ఇరవై లెక్కపెట్టి, రిసీవరు చెవికి ఆనించుకుని కూర్చుంటాను. ఈసారి వింటాను.

దానియేలు.